పిడుగు రాజేసిన మంటను ఆర్పాలా, వదిలేయాలా?

వృక్షశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: "అడవిలో సహజంగా పుట్టే మంట కూడా ప్రకృతిలో భాగమే కదా? దాన్ని ఆర్పడమంటే ప్రకృతి పనికి అడ్డు తగలడం కాదా? అమెరికాలో అలాంటి మంటలను వదిలేస్తారని చదివాను. మన నల్లమలలో ఎందుకు వదలరు?"

అమ్మా, ప్రశ్న సూటిగా అడిగారు కాబట్టి జవాబూ సూటిగానే చెబుతాను. కొన్ని అడవుల్లో, కొన్ని కాలాల్లో, పిడుగు పడి అంటుకున్న మంటను వదిలేయడమే మంచిది. వదలకపోతే ఆ అడవికే నష్టం. మన నల్లమలలో, శేషాచలంలో, ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం కనిపించే మంటను మాత్రం వదలకూడదు. నేను అటవీ శాఖలో 32 ఏళ్లు పనిచేశాను. అందులో సగానికి పైగా నల్లమలలోనే గడిచింది. పచ్చికొమ్మలతో మంటను కొట్టి ఆర్పాను, ఫైర్ లైన్ల కోసం, అంటే మంట దాటకుండా ముందే శుభ్రం చేసి ఉంచే పట్టీల కోసం, నా చేత్తోనే మంట పెట్టాను కూడా. పదవీ విరమణ తరవాత అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఎల్లోస్టోన్ పార్కు చూశాను. మీరు చదివింది బహుశా దాని గురించే. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

దానికి ముందు ఒక్క మాట. మంటలన్నీ ఒక జాతివి కావు. నేల మంట ఉంటుంది. రాలిన ఆకును, ఎండిన గడ్డిని తింటూ మోకాలి ఎత్తున, ఒక్కోసారి నడుము ఎత్తున పాకుతుంది. పెద్ద చెట్టు బెరడు నల్లబడుతుంది కానీ చెట్టు బతుకుతుంది. రెండోది చెట్ల తలలకెక్కే మంట. అది కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంది, గాలి తోడైతే దాని ముందు ఏ మనిషీ నిలవలేడు. కొన్ని అడవులు తరచుగా వచ్చే నేల మంటకు అలవాటు పడ్డాయి. కొన్ని అడవులు రెండు మూడు వందల ఏళ్లకోసారి నిలువునా తగలబడి మళ్లీ మొదటి నుంచి మొలుస్తాయి. ఇంకొన్ని, పడమటి కనుమల్లోని తడి అడవుల వంటివి, మంటను అసలు ఎరగవు. వాటికి ఒక్కసారి అంటుకున్నా అది దెబ్బే. కాబట్టి వదలాలా వద్దా అనే ముందు, అది ఏ అడవి అని అడగాలి.

ఎల్లోస్టోన్‌లో ఎక్కువగా ఉండేది లాడ్జ్‌పోల్ పైన్. సన్నగా, నిటారుగా, వాసం కర్రలా పెరుగుతుంది. దాని కాయల్లో కొన్ని మామూలుగా విచ్చుకుని గింజలు రాలుస్తాయి. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి చెట్టు మీదే మూసుకుని ఉంటాయి. అలాంటి కాయ ఒకటి చేతిలో పట్టుకుని చూశాను. కోడిగుడ్డు కన్నా చిన్నది, బూడిదరంగు, పొలుసుల మధ్య గట్టిపడిన బంక. గోటితో ఎంత లాగినా పొలుసు ఊడిరాలేదు. ఆ బంక కరగాలంటే మంట వేడి కావాలి. అడవి కాలినప్పుడు కాయలు ఒక్కసారిగా విచ్చుకుని బూడిద మీద గింజలు పోస్తాయి. పైన నీడ ఉండదు, కింద పోటీ ఉండదు. 1988 మంటల తరవాత అక్కడి పార్కువారు లెక్కపెడితే, చోటును బట్టి ఎకరానికి 50 వేల నుంచి 10 లక్షల గింజలు పడ్డాయని తేలింది. ఏ నర్సరీ చేయగలదు ఆ పని?

ఈ సంగతి అమెరికావారికి మొదట తెలియదు. 1910 ఆగస్టులో, రెండు రోజుల్లో, ఇడహో, మోంటానా ప్రాంతాల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. కనీసం 85 మంది చనిపోయారు, ఎక్కువమంది మంట ఆర్పడానికి వెళ్లినవాళ్లే. కొత్తగా పుట్టిన వాళ్ల అటవీ శాఖ గుండెల్లో ఆ దెబ్బ నిలిచిపోయింది. 1935లో ఒక నియమం పెట్టుకున్నారు: ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి రావాలి. అది పిడుగు మంటా, మనిషి మంటా అన్న తేడా లేదు. ఆ నియమం కింద దశాబ్దాల పాటు ఆర్పుతూ వచ్చారు. ఆర్పిన ప్రతి ఏడూ అడవి కింద ఎండుకొమ్మ, పడిపోయిన మాను, ఇరుకుగా పెరిగిన చిన్నచెట్టు పేరుకుపోయాయి. ముఖ్యంగా కాలిఫోర్నియా కొండల్లో, పాండరోసా పైన్ అడవుల్లో, తరచుగా నేల మంటలతో ఊడ్చినట్టు ఉండాల్సిన నేల మీద పుల్లల కుప్ప పేరుకుంది. తరవాత వచ్చిన మంట నేల మీద ఆగలేదు, ఆ చిన్నచెట్లనే నిచ్చెన చేసుకుని తలలకెక్కింది.

సెకోయా చెట్లది ఇంకా విచిత్రం. రెండు మూడు వేల ఏళ్లు బతికే ఆ మహావృక్షాల కింద కొత్త మొక్కలు రావడం లేదని గమనించి, రిచర్డ్ హార్ట్స్‌వెల్ట్ అనే శాస్త్రవేత్త 1960ల్లో అక్కడ మంట పెట్టి చూశారు. కాలిన చోట మొక్కలు వచ్చాయి. అప్పటికే, 1963లో, స్టార్కర్ లియోపోల్డ్ నాయకత్వంలోని సంఘం పార్కుల నిర్వహణ మీద ఇచ్చిన నివేదికలో, మంటను పూర్తిగా అణచివేయడం వల్ల అడవి రూపమే మారిపోయిందని రాసింది. 1968లో అక్కడి పార్కుల శాఖ తన నియమం మార్చుకుంది. 1972 నుంచి ఎల్లోస్టోన్‌లో పిడుగు మంటలను, మనుషులకూ కట్టడాలకూ ముప్పు లేనంత వరకు, వదిలేయడం మొదలుపెట్టారు. 1972 నుంచి 1987 వరకు 235 మంటలను వదిలేస్తే అవన్నీ కలిసి కాల్చింది సుమారు 34 వేల ఎకరాలే. 22 లక్షల ఎకరాల పార్కులో అది చారెడు. చాలావరకు వాటంతట అవే ఆరిపోయాయి.

తరవాత 1988 వచ్చింది. ఆ వసంతంలో వానలు మామూలు కన్నా ఎక్కువే పడ్డాయి. పాత అనుభవంతో, ఈ ఏడు కూడా మంటలు చల్లగానే ఉంటాయని వదిలారు. వేసవిలో వానలు ఆగిపోయాయి. ఆ పార్కు రికార్డుల్లో అంత పొడి వేసవి అప్పటిదాకా లేదు. జూలై 21న, ఇక ఏ మంటనూ వదలకూడదని నిర్ణయించారు. అప్పటికి పార్కులో కాలింది సుమారు 17 వేల ఎకరాలు. ఆ తరవాత ఆర్పుతూ ఉండగానే మిగతాదంతా కాలింది. ఆగస్టు 20న ఒక్క రోజులో, ఆ చుట్టుపక్కల అడవులన్నీ కలిపి, లక్షన్నర ఎకరాలకు పైగా తగలబడింది. మొత్తం మీద 25 వేల మంది పనిచేశారు, 12 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. చివరికి మంటల ఊపు విరిచింది ఆ 25 వేల మంది కాదు, సెప్టెంబరు 11న పడిన కాస్త వాన, మంచు. లెక్క తేలేసరికి పార్కులో 7,93,880 ఎకరాలు, అంటే 36 శాతం, మంట పడ్డ నేలే.

వదిలేయడం వల్లే ఇదంతా జరిగిందని అప్పట్లో పత్రికలూ నాయకులూ విరుచుకుపడ్డారు. ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఏటి అతి పెద్ద మంటల్లో ఒకటి, నార్త్ ఫోర్క్ అని పేరు పెట్టినది, పార్కు సరిహద్దు బయట కట్టెలు కొట్టేవాళ్ల సిగరెట్టు వల్ల జూలై 22న మొదలైంది. దాన్ని ఎవరూ వదల్లేదు, మొదటి రోజు నుంచీ ఆర్పడానికే ప్రయత్నించారు. సెప్టెంబరు 7న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దగ్గరి పాత చెక్క హోటలు మీదికి ఎగబడింది ఆ మంటే. అంత ఎండిన కాలంలో, అంత గాలిలో, వదలాలా ఆర్పాలా అన్న వాదనకు అర్థం పోతుంది. మనిషి చేతిలో ఉన్న నిర్ణయమంతా అంతకు ముందే, మంట చిన్నదిగా ఉన్నప్పుడే, ఇంకా చెప్పాలంటే మంట పుట్టకముందే జరిగిపోవాలి.

జంతువుల గతి ఏమైంది అని అడుగుతారు. పార్కులో చనిపోయినవి లెక్క దొరికినంతలో 345 ఎల్క్ దుప్పులు, 36 జింకలు, 12 మూస్‌లు, 9 అడవిదున్నలు, 6 నల్ల ఎలుగులు. ఎల్క్ సంఖ్య అప్పట్లో 40 వేలకు పైనే. మంట కన్నా ఆ తరవాతి చలికాలంలో మేత లేక చనిపోయినవే ఎక్కువ. ఇవి చిన్న సంఖ్యలని తేలిగ్గా తీసుకోమనడం లేదు. చాలా పెద్ద జంతువులు మంట నుంచి తప్పుకోగలవు, నేలను అంటిపెట్టుకున్నవి తప్పుకోలేవు. మన దగ్గర నేను చూసిందీ అదే.

నేను వెళ్లింది 2017 వేసవిలో. 1988లో కాలిన చోట పాత చెట్ల మోళ్లు వెండిరంగులో నిలబడి ఉన్నాయి, కొన్ని పడి ఉన్నాయి. వాటి మధ్య 29 ఏళ్ల పైన్ చెట్లు భుజం భుజం రాసుకుంటూ, మనిషి దూరడానికి సందు లేకుండా పెరిగాయి. చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు? పార్కు పడమటి వైపుకు వెళితే మాత్రం మనసు కుంగింది. అంతకు ముందు ఏడాది, 2016లో, అదే పిల్ల అడవిలో కొంత భాగం మళ్లీ కాలింది. ఆ చెట్లు చాలినన్ని కాయలు నిలవ చేసుకునేలోపే మంట వచ్చింది. రెండోసారి కాలిన చోట మొలకలు బాగా తగ్గిపోయాయని తరవాతి పరిశోధనలు చూపించాయి. రెండు మూడు వందల ఏళ్లకోసారి రావాల్సిన మంట 28 ఏళ్లకే వస్తే ఆ కాయ బంక ఎంత గట్టిదైనా ఏం లాభం? ఎండలు ముదిరేకొద్దీ "సహజం" అన్న మాటకే కొలత మారుతోంది. పిడుగు పాతదే, అది పడుతున్న అడవి పాతది కాదు.

వదిలేయడం బాగా ఫలించిన చోటు చెప్పమంటే నేను యోసెమిటీ పార్కులోని ఇల్లిలౌయెట్ వాగు పరీవాహకాన్ని చెబుతాను. 1970ల మొదట్లో అక్కడ పిడుగు మంటలను వదలడం మొదలుపెట్టారు. చుట్టూ రాతి గోడల్లాంటి కొండలు, లోపల ఊళ్లు లేవు. నాలుగు దశాబ్దాల తరవాత చూస్తే దట్టమైన అడవి దాదాపు నాలుగో వంతు తగ్గింది. దాని స్థానంలో పొదలు, తడి మైదానాలు పెరిగాయి. నేల తేమ మెరుగుపడింది, ఎందుకంటే నీళ్లు తాగే చెట్లు తగ్గాయి. కొత్త మంట వస్తే పాత మంట కాల్చిన చోటికి వచ్చి ఆగిపోతోంది. ఒక మంట ఇంకొక మంటకు ఫైర్ లైన్ అయిందన్నమాట. అయితే అక్కడ చాలా దశాబ్దాల ఓపిక ఉంది, చాలా ఖాళీ జాగా ఉంది. ఆ రెండూ అన్ని చోట్లా దొరకవు.

దొరకనప్పుడు ఏమవుతుందో కూడా చూడండి. 2021 జూలై 4న కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దు కొండల్లో ఒక చెట్టు మీద పిడుగు పడింది. చుట్టూ రాయి, కంప తక్కువ, మనిషి చేరడం కష్టం. దూరం నుంచి చూస్తూ ఉంటే చాలనుకున్నారు. పన్నెండు రోజుల తరవాత గాలి లేచింది. మార్క్‌లీవిల్ అనే ఊరిని ఖాళీ చేయించాల్సి వచ్చింది, 68 వేల ఎకరాలకు పైగా కాలింది. దాన్నే టామరాక్ మంట అంటారు. 2025లో గ్రాండ్ కాన్యన్ ఉత్తర అంచున కూడా జూలై 4నే పిడుగు పడింది. దాన్ని ఒక హద్దులో ఉంచి కాలనివ్వాలనుకున్నారు. వారం గడిచాక గాలి పెరిగి హద్దు దాటింది. అంచున నిలిచిన ప్రఖ్యాతమైన గ్రాండ్ కాన్యన్ లాడ్జ్ బూడిదైంది. మంట మొత్తం సుమారు లక్షా 45 వేల ఎకరాలకు పాకింది.

వీటిని చదివి, "చూశారా, వదలకూడదు" అనేవాళ్లు ఉన్నారు. నేను అలా అనను. సెకోయా తోపులను చూడండి. 2020, 2021 మంటల్లో పెద్ద సెకోయా చెట్లలో 13 నుంచి 19 శాతం వరకు పోయాయని అంచనా. వేల ఏళ్లుగా మంటను తట్టుకున్న చెట్లు రెండేళ్లలో! వందేళ్లుగా ఆర్పుతూ పోగేసిన కంపకు తోడు కరువు వచ్చింది. 2021లో జనరల్ షెర్మన్ అని పేరున్న అతి పెద్ద సెకోయా చెట్టు మొదలు చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి కాపాడారు. ఆ తోపు నిలబడటానికి, ఏళ్ల తరబడి కావాలని పెట్టిన చిన్న మంటలు కింది కంపను తగ్గించి ఉంచడం కూడా ఒక ముఖ్యకారణం. అంటే ఆర్పడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఖర్చు ఉంది. ఆ బిల్లు మన పిల్లలకు వస్తుంది.

వదిలేయడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. ఆర్పేదానికన్నా ఎక్కువ రోజుల పని అది. రోజూ గాలి చూడాలి, తేమ చూడాలి, రేపు మంట ఏ గట్టు దాటితే ఆర్పడం మొదలుపెట్టాలో ముందే గీత గీసి ఉంచాలి. అలాస్కాలో రాష్ట్రం మొత్తాన్ని ముందుగానే నాలుగు రకాలుగా విడదీసి పెట్టుకున్నారు: ఏ నేల మీద మంటను వెంటనే ఆర్పాలి, ఏ నేల మీద చూస్తూ ఉంటే చాలు అని. మంట లేచాక వాదించుకోవడం ఉండదు.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఒక మార్చి నెలలో, సాయంత్రం, వాగు పైనున్న వాలులో నేల మంట. మేం ఆరుగురం. మధ్యాహ్నం నుంచి కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కాయి. మంట కిందికి, వాగు వైపుకు దిగుతోంది. కిందికి దిగే మంట మెల్లగా నడుస్తుంది, వాగు ఒడ్డున పచ్చచెట్ల వరస ఉంది, అక్కడికొచ్చి ఆరిపోతుందని నేను లెక్క వేశాను. అందరినీ క్యాంపుకు తీసుకుపోయాను. లెక్క తప్పు కాదు, మంట నిజంగానే వాగు దగ్గర ఆగింది. కానీ వాలు మధ్యలో లోపల డొల్లబడిన ఒక చిరుమాను చెట్టు మోడు ఉంది. డొల్లలో నిప్పు గూడు కట్టింది. రాత్రి ఎప్పుడో ఆ మోడు విరిగి, దొర్లి, వాగు దాటి అవతలి గడ్డిలో పడింది. తెల్లవారి చూసేసరికి అవతలి కొండ సగం నల్లబడి ఉంది. ఎండిన వెదురు పొదలు తుపాకులు పేలినట్టు పేలుతున్నాయి. ఒక్క మనిషిని అక్కడ కాపలా ఉంచి ఉంటే, ఆ మోడు చుట్టూ రెండు గజాల మేర ఆకు ఊడ్చి ఉంటే సరిపోయేది. గ్రాండ్ కాన్యన్ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మోడే.

ఇక మన అడవికి వద్దాం. పిడుగు మంట సహజమే, సరే. మరి నల్లమలలో మంటలు పిడుగుల వల్ల వస్తున్నాయా? మన మంటల కాలం ఫిబ్రవరి నుంచి మే వరకు, మార్చి, ఏప్రిల్ నెలల్లో ముమ్మరం. మన పిడుగులు చాలావరకు వానతోనే వస్తాయి. పశ్చిమ అమెరికాలో వాన చుక్క నేలకు చేరకముందే ఆవిరైపోయి ఉత్త పిడుగు మాత్రమే పడే ఉరుములు ఉంటాయి. మన దగ్గర అవి అరుదు. నా సర్వీసు మొత్తంలో పిడుగు వల్లే అంటుకుందని నేను రూఢిగా చెప్పగలిగిన మంటలు రెండు. రెండూ గంటలోపే వానకు ఆరిపోయాయి. వెదురు బొంగులు రాసుకుని నిప్పు పుడుతుందని పెద్దలు చెప్పడం వింటాం, పాత కథల్లోనూ ఉంది. ఎక్కడ మంట మొదలైందో వెతుక్కుంటూ వెళ్లిన ప్రతిసారీ నాకు కనిపించింది కాలిబాట, బీడీ ముక్క, పొయ్యి రాళ్లు, ఇప్పచెట్టు. వెదురు రాపిడి అనే మాట, కారణం దొరకనప్పుడు కాగితం నింపడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకుల్లో పడితే ఏరడం కష్టం, అందుకని చెట్టు కింద ఆకుకు నిప్పు పెడతారు. తునికాకు కొత్త చిగురు కోసం పెట్టేవాళ్లుంటారు. పశువులకు లేతగడ్డి కోసం పెట్టేవాళ్లుంటారు. తేనె తీయడానికి పొగపెట్టిన కాగడా జారిపడుతుంది. శివరాత్రికీ ఉగాదికీ వేలాది భక్తులు నాగలూటి, పెచ్చెరువు దారిలో శ్రీశైలానికి కాలినడకన వస్తారు, దారిలో వండుకుంటారు. వీళ్లలో ఎవరూ అడవికి శత్రువులు కారు, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. అయితే ఇన్ని చేతుల నుంచి ఏటా, ఒకే చోట, అడవి అత్యంత ఎండిపోయి ఉన్న నెలలోనే వచ్చే మంటను ప్రకృతి పని అనలేం. భారత అటవీ సర్వే సంస్థ అంచనా ప్రకారం దేశంలోని అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచూ మంటల బారిన పడే ప్రమాదం ఉంది. ఇన్ని పిడుగులు మన దగ్గర లేవు.

ఏటా వచ్చే మంట ఏం చేస్తుందో ఒక టేకు మొక్క దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. వానాకాలం మొలుస్తుంది, మోకాలి ఎత్తు పెరుగుతుంది. మార్చిలో నేల మంట వస్తుంది, పైన ఉన్నదంతా మాడిపోతుంది. చచ్చిపోయిందనుకుంటాం. జూన్‌లో వేరు నుంచి మళ్లీ చిగురు వేస్తుంది. మళ్లీ మార్చి. ఇలా ఏళ్ల తరబడి జరుగుతూ ఉంటుంది. ఒకసారి అలాంటి మొక్కను తవ్వి చూశాం. పైన వేలెడు కాడ, కింద మణికట్టంత లావు వేరు. అంత బలం కూడబెట్టుకుని, మంట రాని రెండు మూడేళ్ల వరస ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తూ ఉంది. దొరికితే ఒక్క ఊపున మంటకు అందనంత ఎత్తుకు లేస్తుంది. దొరకకపోతే అక్కడే ముసలిదైపోతుంది. నల్లమలలో పెద్ద చెట్లు పచ్చగా ఉన్నాయని సంతోషించేవాళ్లు ఒకసారి వాటి కింద పిల్లచెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి.

మంట వల్ల మేలు కూడా ఉంది, అది దాచను. కాలిన పదిహేను రోజులకే, ఒక్క జల్లు పడితే బోదగడ్డి పిలకలు వేస్తుంది, దుప్పులు గుంపులుగా దిగుతాయి. టేకు గింజ పెంకుకు కొంత వేడి మంచిదే. కానీ అదే మార్చి, ఏప్రిల్‌లో నేల మీద గూళ్లు కట్టే పిట్టల గుడ్లు ఉంటాయి, పరుగెత్తలేని తాబేళ్లు ఉంటాయి. మంట ఆరిన మర్నాడు నడిచి చూస్తే, బోర్లించిన గిన్నెల్లా పడి ఉన్న నక్షత్ర తాబేళ్ల డిప్పలు కనిపించేవి. మొదటి వానకు కొండ మీది బూడిదా మట్టీ కలిసి వాగులోకి దిగేవి.

మరి అసలు మంటే వద్దా? ఇక్కడే నాకూ మా శాఖలోని చాలామందికీ మాట కుదిరేది కాదు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు అనే ఆదివాసులు పూర్వం చలికాలం చివర, ఇంకా మంచు తేమ ఉండగానే, ఆకు పలుచగా ఉన్నప్పుడే చిన్న మంటలు పెట్టేవాళ్లు. దాన్ని వాళ్లు తరగు బెంకి అంటారు, ఆకు మంట అని. 1970ల్లో అది అభయారణ్యం అయ్యాక ఆ పద్ధతి ఆగిపోయింది. తరవాత లాంటానా అనే పరాయి దేశపు కంప విపరీతంగా పెరిగింది. ఆ చిన్న మంటలే లాంటానాను అదుపులో ఉంచాయని సోలిగలు చెబుతారు. దాని మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ ఉంది. లాంటానా పెరిగాక వచ్చే పెద్ద మంట మళ్లీ లాంటానాకే చోటిస్తుందన్న వాదనా ఉంది. రెండింటిలోనూ నిజముంది అనుకుంటాను, ఎందుకంటే రెండు మంటలూ వేరు. జనవరిలో మంచు తేమ మీద పెట్టిన మంట కాలి చీలమండ దాటదు. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం లేచిన మంట చెట్టు కొమ్మను అందుకుంటుంది.

మా ఫైర్ లైన్ల పని కూడా అదే సూత్రం మీద నడిచేది. ఎండలు ముదరకముందే అడవిలో గీతలు గీసినట్టు గడ్డి కోసి, మధ్యలో ఆకును తగలబెట్టి శుభ్రం చేస్తాం. ఒక పెంటలోని, అంటే చెంచుల గూడెంలోని, పెద్దాయన నాతో వచ్చేవాడు. ఎక్కడ పెట్టాలో, ఏ పూట పెట్టాలో ఆయన్ను అడిగే పెట్టేవాణ్ని. గుప్పెడు దుమ్ము ఎగరేసి చూసి, "ఇంకొంచెం ఆగు సారూ, గాలి ఇంకా పడలేదు" అనేవాడు. ఆగితే నిజంగానే గాలి పడేది. ఇప్పుడు ఉపగ్రహం నుంచి కబురు ఫోనుకే వస్తుంది. 2004 నుంచి అటవీ సర్వే సంస్థ ఉపగ్రహంతో మంటలను గుర్తిస్తోంది, 2017 నుంచి ఇంకా సన్నని చూపుతో, 375 మీటర్ల కొలతతో చూడగలుగుతోంది. ఆకు ఊడ్చే బ్లోయర్ యంత్రాలు వచ్చాయి. ఇవన్నీ మంచివే. కానీ ఆ చుక్క ఫోనులో పడ్డాక నడిచి వెళ్లాల్సింది బీటు ఆఫీసరూ వాచర్లూ. వాళ్ల చేతిలో ఇప్పటికీ చాలాచోట్ల పచ్చికొమ్మే ఉంటుంది.

నన్ను అడిగితే నల్లమలకు చేయాల్సింది ఇది. ఎండాకాలం మంట ఎక్కడ లేచినా ఆర్పాలి. దానికి బదులుగా, డిసెంబరు, జనవరిల్లో, ఎంచుకున్న చోట్ల, ఒక ఏడు కాల్చినచోట మళ్లీ వరసగా కాల్చకుండా, పిల్లచెట్లు వస్తున్న చోట్లను పూర్తిగా వదిలిపెట్టి, చెంచులను కూలీలుగా కాక నిర్ణయం చేసేవాళ్లలో ఒకరిగా కూర్చోబెట్టి చిన్న మంటలు పెట్టించాలి. ఇప్పపువ్వు ఏరేవాళ్లకు చెట్టు కింద పరిచే వలలు ఇవ్వాలి. వల ఇచ్చిన చోట నిప్పు పెట్టడం మానేయడం నేనే చూశాను. ఎల్లోస్టోన్‌కు దాని పద్ధతి సరిపోయింది, ఎందుకంటే ఆ చెట్టు ఆ మంట కోసం ఎదురుచూస్తుంది. మన టేకు మొక్క ఎదురుచూసేది మంట రాని రెండు మూడేళ్ల కోసం.

చివరిగా, మీరు శ్రీశైలం దారిలో వెళ్తూ కొండ మీద మంట చూస్తే: దగ్గరున్న అటవీ చెక్‌పోస్టులో చెప్పండి, లేదా కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె గుర్తుపెట్టుకుని తరవాతి చెక్‌పోస్టులో చెప్పండి. మంట ఫోటో తీయడానికి వాలు ఎక్కవద్దు. మంట పైకి ఎక్కే వేగం మనిషి పైకి ఎక్కే వేగం కన్నా ఎక్కువ. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల మీద మంటలో చిక్కుకున్న ట్రెక్కర్లలో 23 మంది చనిపోయారు. ఎప్పుడైనా చిక్కుకుంటే మంటకు పక్కగా, కిందికి, అప్పటికే కాలి నల్లబడిన నేల వైపుకు వెళ్లాలి. అక్కడ మంటకు తినడానికి ఏమీ మిగలదు. నూలు బట్ట కట్టుకుని ఉండాలి, నైలాన్ వద్దు, అది ఒంటికి కరుచుకుంటుంది.